అంకె దిగేదాకా

గేజీలో అంకె దిగడం లేదని అనూష ఆ సాయంత్రం కూడా చెప్పింది. ఇంట్లోకి వచ్చింది గానీ భుజం మీది సంచీ దింపలేదు. జొన్నరొట్టె, పప్పు పెట్టాను. రొట్టెను ముక్కలు చేసింది, ఆ ముక్కలను మళ్ళీ ముక్కలు చేసింది, కంచం పక్కకు జరిపింది.

నా కూతురు ఒక పరిశోధన సంస్థలో డాక్టరేట్ చేస్తోంది. రోజూ గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి పోతుంది. అక్కడ వాళ్ళు కోడిగుడ్డు ఆకారంలో వంగిన స్టీలు గొట్టం ఒకటి కట్టారు. మేముండే ఒంటిగది ఖోలీ కంటే పెద్దది. అయాన్ల వలయం అంటారు దాన్ని. అదేమిటో నాకు మొదట్లో అంతుపట్టేది కాదు. ఒకరోజు ఖోలీ ముందరి గ్యాలరీలో నిలబెట్టి అడిగింది.

"ఆయీ, పొద్దుగాల నల్ల వచ్చినప్పుడు నిండు బిందెతోని ఈ గ్యాలరీ చుట్టు ఉరుకుతవా?"

ఎక్కడ ఉరుకుతాను. అంతస్తుకు వరసగా ఖోలీలుండే మా చాల్‌లో గ్యాలరీ నాలుగు వైపులా తిరిగి ఉంటుంది, నీళ్ళ వేళకు అడుగు తీసి అడుగు వేయడమే గండం. ఒకరి బకెట్ తగులుతుంది, ఒకరి మోచేయి తగులుతుంది. మధ్యాహ్నం ఎవరూ ఉండరు. అప్పుడైతే ఎన్ని చుట్లైనా తిరగవచ్చు. వాళ్ళ వలయం కూడా అంతేనట. లోపలి గాలి మొత్తం తోడేయాలి. చంద్రుడి మీద ఉన్నంత ఖాళీ చేయాలి. అప్పుడే లోపల వదిలినవి దేనికీ తగలకుండా తిరుగుతాయి.

తిరిగేవి కార్బన్ ముద్దలు. దీపం మసిలో ఉండేదే కార్బన్. కొన్ని పరమాణువులు ఒకదానికొకటి అంటుకొని కంటికి కనబడనంత చిన్న ముద్ద అవుతాయి. దానికి కరెంటు అంటితే అయాన్. కరెంటు ఉంది కాబట్టి అటూ ఇటూ పలకలు పెట్టి వాటిని మలుపుల దగ్గర తిప్పగలుగుతారు. పుట్టినప్పుడు ఆ ముద్దలు నిప్పులా ఉంటాయట. ఆ వేడికి కొన్ని విరిగిపోతాయి. కొన్ని వేడిని వెలుతురుగా విడిచి, చల్లారి, నిలబడతాయి. నక్షత్రాల మధ్య చీకట్లో ఇలాంటివి ఉంటాయని, అక్కడికి మనం పోలేము కాబట్టి ఇక్కడే తిప్పి చూస్తారని చెప్పింది. ఏది విరుగుతుంది, ఏది నిలబడుతుంది, ఎంతసేపట్లో చల్లారుతుంది. అదే నా కూతురి పని అంతా. అయితే లోపల గాలి మిగిలితే ఏదీ తేలదు. ముద్ద తన వేడికి తానే విరిగిందో, గాలి తగిలి విరిగిందో ఎవరు చెప్పగలరు?

ఆ గాలి ఎంత మిగిలిందో చెప్పేదే గేజీ. గొట్టానికి వేడి పట్టీలు చుట్టి, పైన రొట్టెలు చుట్టే వెండి రేకు లాంటిది చుట్టి, రోజుల తరబడి కాల్చారు. స్టీలుకు పట్టుకున్న తడి పోవాలని అలా చేస్తారు. కాల్చి చల్లార్చాక అంకె దిగాలి. సగం దూరం దిగి ఆగిపోయింది. పంపులు తిరుగుతూనే ఉన్నాయి, అంకె మాత్రం కదలడం లేదు.

నెలాఖరుకు సంస్థ కమిటీ వస్తుంది. అప్పటికి వలయంలో అయాన్లు నిలబడకపోతే ఆ గదిని ఇంకో బృందానికి ఇస్తామని ముందే చెప్పేశారు. గది పోతే వలయాన్ని విప్పి పెట్టెల్లో పెడతారు. అనూష ఇన్నేళ్ళుగా చేసింది కూడా ఆ పెట్టెల్లోకే పోతుంది. ఆమె స్కాలర్‌షిప్ ఇంకో పని మొదలుపెట్టేంత కాలం లేదు.

మర్నాడు నల్ల దగ్గర వజ్రమ్మ నా ముఖం చూసి పలకరించింది. పక్క ఖోలీ ఆమెది. మా ఇంట్లో చెంచా కింద పడ్డా ఆమెకు వినబడుతుంది.

"మంగళా, పిల్ల గట్ల వాడిపోయింది. ఏమైందే?"

"మిషన్‌ల గాలి పోతలేదట."

"మా ఖోలీల గాలి వస్తలేదు. గటు పోనిదాన్ని గిటు పంపుమను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

ఆ రోజు అనూష కొంచెం పెందలాడే వచ్చింది. లోపల ఏ వాయువులు మిగిలాయో పసిగట్టే యంత్రం ఇంకొకటి ఉందట. బయటి గాలి లోపలికి వస్తున్న గుర్తులు లేవని అది చెబుతోందట. లోపలే ఎక్కడో తడి ఉంది, కాలిన తిండి విడిచేలాంటి ఆవిరి ఏదో ఉంది. లోపలి సామాను ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి. ఒక్క వేలి ముద్ర చాలు, ఆ జిడ్డు నెలల తరబడి ఆవిరి విడుస్తుంది. సామాను బిగించింది అనూషే.

"నా చెయ్యే తగిలి ఉంటది, ఆయీ. తొడుగు జరిగి మణికట్టు తగిలి ఉంటది. గుర్తు కూడ లేదు నాకు" అంది.

రెండు చేతులూ ముందు పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చుంది. తడి, తిండి అన్న మాటలు చెవిలో తిరిగాయి. రాజమల్లు గుర్తొచ్చాడు.

రాజమల్లు నా మరిది. నాగ్‌పాడాలో అతనికి చిన్న వర్క్‌షాపు ఉంది. ఒక లేత్, ఒక డ్రిల్, పాలిష్ పట్టే చక్రం. మా ఆయన ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపారు. ఆయన పోయాక అనూష చదువు ఆగకుండా చూసింది రాజమల్లే. వలయంలో పలకలు నిలబెట్టే స్టాండ్లు కావాల్సి వచ్చి, చేసేవాళ్ళు ఆలస్యం చేస్తుంటే, మా కాకా చేస్తాడని అనూష వాళ్ళ ల్యాబు నడిపే నీతా మేడమ్‌కు చెప్పింది. మేడమ్ వచ్చి చూసింది, ఒక ముక్క చేయించుకొని కొలిచి చూసింది, సరేనంది. ప్రతి స్క్రూ మధ్యలో సన్నటి రంధ్రం వేయాలని మరీ మరీ చెప్పింది. స్క్రూ అడుగున చిక్కుకున్న గాలి ఆ రంధ్రం గుండా బయటికి రావాలట. రాజమల్లు అన్నిటికీ వేశాడు. సూది పట్టేంత రంధ్రాలు.

సామాను పంపే రోజు వర్క్‌షాపులో పూజ చేశాడు. పసుపు, కుంకుమ, అక్షింతలు నేనే తీసుకుపోయాను. స్టాండ్లకు పెట్టిన బొట్లు ల్యాబులో కడిగితే పోతాయి, దాంతో చిక్కు లేదు. కానీ మొదటి స్టాండ్ బిగించేటప్పుడు రాజమల్లు చిటికెడు అక్షింతలు తీసి అడుగు దిమ్మె రంధ్రంలో వేశాడు. తర్వాత స్క్రూ తిప్పి బిగించి, కళ్ళకు అద్దుకున్నాడు. నేను పక్కనే నిలబడి దండం పెట్టుకున్నాను. ఈ ఊళ్ళో రాళ్ళు మోసి మేడలు లేపిన కామాఠీలం మేము. ముహూర్తపు రాయి కింద పసుపు బియ్యం వేయకుండా మా వాళ్ళు ఏ పనీ లేపలేదు. అది నాకు వింతగా ఎందుకు తోస్తుంది?

పొద్దున్నే నాగ్‌పాడా పోయాను. రాజమల్లు డ్రిల్ దగ్గర ఉన్నాడు. నేనా వేళకు ఎన్నడూ పోను. చూసి మిషన్ ఆపాడు.

"మొదటి స్టాండ్‌ల బియ్యం పెట్టినవు గదా?" అన్నాను.

"పెట్టిన. ఏమైంది?"

సంగతి చెప్పాను. సగం విని నవ్వాడు.

"వదినె, నాలుగు గింజలు. గంత పెద్ద మిషన్ నాలుగు గింజలకు ఆగుతదా?"

అతను కాసేపు తన పనిలో తాను ఉన్నట్టు కనిపించాడు. తర్వాత బల్ల మీది మిగిలిన స్క్రూ ఒకటి తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి, దాని సన్నటి రంధ్రంలోంచి చూశాడు. పసుపు నీళ్ళతో తడిపిన బియ్యం అడ్డుపడి ఆ రంధ్రాన్ని మూసేసి ఉంటుందని నేను చెప్పనక్కరలేదు. అతని ముఖం మాడిపోయింది.

అప్పుడు భయాలు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. కాకా కాబట్టి పని ఇప్పించిందని ల్యాబులో ఇప్పటికే ఒకరిద్దరు అంటున్నారట. ఇప్పుడు ఆ కాకా స్టాండులో బియ్యం పెట్టాడని తెలిస్తే పిల్ల తలెత్తుకోగలదా? తన సంగతి పోనిమ్మన్నాడు, పిల్ల పేరే పోతుందన్నాడు. పంపులు లాగుతూనే ఉన్నాయి కదా, నాలుగు గింజల తడి ఎంతసేపు ఉంటుంది, ఒక్క రోజు ఆగి చూద్దామన్నాడు. అనూషకు చెప్పనని నా చేత ఒప్పించుకొని గానీ వదలలేదు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా నాకు నేనే రెండు వైపులా వాదించుకున్నాను. చెబితే మరిదికి ద్రోహం. చెప్పకపోతే కూతురికి. అతను అడిగింది ఒక్క రోజేగా అనుకున్నాను. ఆ ఒక్క రోజూ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా చివరిదాకా చేయలేదు. బియ్యం ఏరడానికి కూర్చొని, చాటలో గింజలు చూడలేక లేచిపోయాను.

సాయంత్రం అనూష వచ్చి కూర్చుంది. అంకె కదల్లేదు. యంత్రం లేదన్నా సన్నటి కారుడు ఎక్కడైనా ఉందేమోనని మర్నాటి నుంచి ప్రతి అతుకు మీదా హీలియం వాయువు వదిలి మళ్ళీ మొదటి నుంచి వెతుకుతారట. దానికే వారం పోతుంది. గొట్టం విప్పి మళ్ళీ కాల్చాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి, ఆలస్యమైతే నెలాఖరులోగా కాల్చడం అవదు.

"రేపు మేడమ్‌కు చెప్తున్న, ఆయీ. తప్పు నాదే, చెయ్యి తగిలిందని. అప్పుడన్న వెతుకుడు ఆపి విప్పుతరు. నన్ను తీసేస్తే తీసేస్తరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"నీ చెయ్యి కాదు బిడ్డా" అన్నాను.

అంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. విన్నంతసేపూ నా ముఖమే చూసింది. అయ్యాక, కాకాను పిలువు అంది.

రాజమల్లు ఉండేది కింది అంతస్తులోనే. నన్ను మెట్ల మీద చూడగానే అతనికి అర్థమైపోయింది. ఎందుకు చెప్పావని అడగలేదు. చొక్కా తొడుక్కొని నా వెనకే వచ్చాడు. వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏ స్టాండ్, కాకా?"

"మొదటిది."

"అన్నీ ఒక్క తీరుగ ఉన్నయి. మొదటిది ఏదని నేనెట్ల చెప్పాలె?"

రాజమల్లు ఒక్క తీరుగా చేయడం కోసమే అంత కష్టపడ్డాడు. ఒకదానికీ మరొకదానికీ వెంట్రుకంత తేడా రాకూడదు కదా.

"పునాదిల గింజ పడకుంటే ఇల్లు నిలువదని మా నాయిన అనేటోడు. నీ ఇల్లు నిలవాలెనని పెట్టిన బిడ్డా. మంచిగ నిలవాలెనని" అన్నాడు.

"ఇది ఇల్లు కాదు కాకా. దీంట్ల ఏమీ ఉండొద్దు. ఏమీ లేకుంటెనే ఇది నిలుస్తది."

కింద గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అనూష లేచి రాజమల్లు దగ్గరికి పోయింది.

"అందరి దగ్గరి నుంచి వచ్చిన సామాను పూర్తిగ విప్పి, ఒక్కో ముక్క కడిగిన. అది రూలు. నీది విప్పలే. బిగించింది బిగించినట్టే కడిగిన."

"ఎందుకు విప్పలే?"

"నీ పని మీద డౌట్ పడ్డట్టు ఉంటదని."

రాజమల్లు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. రేపు నేనూ వస్తా, మేడమ్‌కు నేనే చెప్తా అన్నాడు. అనూష వద్దనలేదు. ఇద్దరం చెబుదాం, నీది నువ్వు, నాది నేను అంది.

మర్నాడు వాళ్ళిద్దరూ ల్యాబుకు పోయాక వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి గల్లీలో మోకాలు లోతు నీళ్ళు. అక్కడ ఏం జరుగుతోందో తెలియదు, ఫోన్ చేయడానికి ధైర్యం రాదు. వజ్రమ్మ చాయ్ తెచ్చి పెట్టి, ఈసారి హాస్యమాడకుండా పక్కన కూర్చుంది.

చీకటి పడుతుండగా రాజమల్లు ఒక్కడే వచ్చాడు. ప్యాంటు మడిచి, బూట్లు చేతిలో పట్టుకొని ఉన్నాడు. మేడమ్ అతణ్ణి ఏమీ అనలేదట. తిట్టి ఉంటే బాగుండేదన్నాడు. మొత్తం విని, ఇంకేమైనా ఉంచావా అని మాత్రం అడిగిందట. తర్వాత అనూష వైపు తిరిగిందట. తెలియని వాళ్ళ సామానును అనుమానించి, నీ వాళ్ళ సామానును నమ్మావు, యంత్రానికి నీవాళ్ళు పైవాళ్ళు ఉండరు అందట. పిల్ల తల దించుకొని విన్నదట. ఆ తర్వాత రాజమల్లు చేతికే తొడుగులు ఇచ్చి, విప్పమందట.

గొట్టం తెరిచి, ఒక్కో స్టాండ్ బయటికి తీసి, ఒక్కో స్క్రూ విప్పాడు. విప్పిన ప్రతిసారీ అనూష టార్చి పట్టి లోపలికి చూసింది. ఖాళీ. మళ్ళీ ఖాళీ. అతనికి ఒక దశలో, బియ్యం పెట్టడం తన భ్రమేమో, అసలు కారణం వేరేమో, ఈ విప్పడంతో ఉన్న కొద్ది కాలమూ పోయిందేమోనని చెమటలు పట్టాయట. తర్వాత ఒక స్క్రూ తిరగనని మొరాయించింది. గట్టిగా తిప్పితే వచ్చింది. దాని కొసకు నల్లటి మసి, అడుగున బొగ్గైన గింజలు. మాడిన వాసన. మేడమ్ వాటిని చిన్న సీసాలో వేయించి మూత పెట్టించిందట. ఎందుకని అడిగే ధైర్యం ఇతనికి లేకపోయింది.

"పిల్ల ఏమన్నది?"

"కాకా, మిగిలినయి కూడ విప్పు అన్నది. ఇంతనే."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అన్నీ కడిగారు, బిగించారు, మళ్ళీ పట్టీలు చుట్టి కాల్చడం మొదలుపెట్టారు. వేడి మెల్లగా ఎక్కించాలి, మెల్లగా దించాలి. మధ్యలో కరెంటు పోతే ఒక్కసారిగా చల్లారి అతుకులు వదులవుతాయట. వాన మాత్రం ఆగడం లేదు. ఆకాశం ఉరిమినప్పుడల్లా నేను గుడ్డి దీపంలా వెలిగే మా బల్బు వైపు చూసేదాన్ని. మా బల్బుకూ వాళ్ళ ల్యాబుకూ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అనూష రైళ్ళు నడిస్తే వచ్చేది, నడవకపోతే ల్యాబులోనే ఉండిపోయేది. వచ్చినా అంకె గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాల్చినంతకాలం అంకె పైనే ఉంటుంది, చల్లారాక గానీ ఏదీ తెలియదు.

రాజమల్లు వర్క్‌షాపు తెరుస్తున్నాడు గానీ ఏ పనీ ఒప్పుకోవడం లేదని విన్నాను. పొద్దుటి పూట దీపం పెట్టడం కూడా మానేశాడట. అది విని నేనే పోయి మందలించాను. యంత్రంలో పెట్టొద్దన్నారు గానీ దేవుడి ముందు వద్దనలేదు కదా అన్నాను. తల ఊపాడు గానీ దీపం వెలిగించలేదు.

కమిటీ రావడానికి ముందు రోజు మధ్యాహ్నం రాజమల్లు మా గ్యాలరీలోకి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం వాన వైపు చూస్తూ కూర్చున్నాం. ఫోన్ మోగింది.

"ఆయీ, అంకె దిగింది" అంది అనూష.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి రాజమల్లు ముందుకు జరిపాను. ఎంత దిగింది అని అతను అడిగాడు. మొన్న ఆగిన చోటుకు వందో వంతు, ఇంకా దిగుతోంది అని చెప్పింది. ఆమె గొంతు తొందరగా ఉంది, వెనక మనుషుల మాటలు వినబడుతున్నాయి. ఇప్పుడు ముద్దలను లోపలికి వదులుతున్నామంది. అంకె దిగడం వేరు, అవి నిలవడం వేరు. వోల్టేజీ ఏమాత్రం అటూ ఇటూ అయినా అవి మలుపు తిరగవు, గోడకు కొట్టుకుంటాయి. అది నాకు ఇంతకుముందే చెప్పింది.

ఎవరో మరాఠీలో ఏదో కేక వేశారు. అనూషతో పని చేసే స్వప్నిల్ అయి ఉంటాడు. తర్వాత నిశ్శబ్దం. ఫోన్ తెగిపోయిందేమోనని చూశాను. తెగలేదు.

"వేడి ముద్దలు పడిపోతున్నయి" అంది అనూష. మాతో కాదు, తనలో తాను అన్నట్టుంది. "తెర మీద చుక్కలు తగ్గుతున్నయి."

రాజమల్లు నా వైపు చూశాడు. పడిపోతే మంచిదా చెడ్డదా అని అడుగుతున్నాడు. నాకూ తెలియదు. విరిగేవి మొదట విరుగుతాయని చెప్పింది, అన్నీ విరిగితే ఏం చేయాలో చెప్పలేదు. చాలాసేపటికి లోపలి నుంచి స్వప్నిల్ గొంతు మళ్ళీ వినిపించింది.

"ఆహేత్ అజూన్."

"ఉన్నయి, ఆయీ" అంది అనూష. "చల్లారినయి తిరుగుతున్నయి. ఇంకా ఉన్నయి."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. కాసేపు ఆగి మళ్ళీ అదే మాట అంది. ఇంకా ఉన్నయి. ఇంకోసారి అనబోయి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. నేను ఓదార్చబోయాను. రాజమల్లు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఫోన్ బంద్ చెయ్ బిడ్డా" అన్నాడు. "మాతోని తర్వాత మాట్లాడు. వాటిని చూసుకో పో."